విత్తనమనే అమానతు
అందలుస్ పెరటితోటల చరిత్ర నుండి కొన్ని పుటలు

వ్యవసాయ చరిత్ర అనగానే మన దృష్టి గోధుమ, వరి, చెరకు, పత్తి వంటి పెద్ద పంటల మీదికే పోతుంది. శిస్తు లెక్కలలో కనిపించేవి అవే కనుక చరిత్రకారుడికి వాటి ఆధారాలే ఎక్కువగా దొరుకుతాయి. ఇంటి వెనుక రెండు మళ్ళలో పెరిగే కొత్తిమీర, మెంతి, సబ్జా, కలోంజీ వంటి మొక్కలు ఏ దీవానులోనూ నమోదు కావు. వాటిని అమ్మినవారు తక్కువ, ఇరుగుపొరుగులకు పంచినవారు ఎక్కువ. అయినా శతాబ్దాలుగా చేతులు మారుతూ వాటి విత్తనాలు మనదాకా వచ్చాయి. ఎవరో ఒకరు ప్రతి ఏడూ కొన్ని మొక్కలను కోయకుండా వదిలి, గింజ ముదరనిచ్చి, ఆరబెట్టి, మరుసటి ఋతువుకు దాచి ఉండకపోతే ఇది జరిగేది కాదు.

ఈ చిన్న పనికి ఇస్లామీయ నాగరికతలో ఎంత విలువ ఉండేదో, ముఖ్యంగా ముస్లిం స్పెయిన్‌లో, అంటే అందలుస్‌లో, అది ఎలా ఒక విద్యగా రూపొందిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. దానితోపాటు మరొక ప్రశ్న కూడా మన ముందుంది. ఒక విద్య గ్రంథాలలో భద్రంగా ఉన్నంత మాత్రాన అది బతికి ఉన్నట్టేనా?

దివ్య ఖుర్ఆన్‌లో గింజ

దివ్య ఖుర్ఆన్ గింజను అల్లాహ్ శక్తికి నిదర్శనంగా పదే పదే మన ముందు ఉంచింది. గింజనూ ఖర్జూరపు టెంకనూ చీల్చి మొలకెత్తించేవాడు అల్లాహ్‌యేనని అన్ఆమ్ సూరా 95వ ఆయతు తెలియజేస్తుంది. మీరు విత్తేదాన్ని పండించేది మీరా, మేమా అని వాఖిఆ సూరా 63, 64 ఆయతులు ప్రశ్నిస్తాయి. దైవమార్గంలో చేసే ఖర్చును బఖరా సూరా 261వ ఆయతు ఒక గింజతో పోల్చింది. ఆ ఒక్క గింజ నుండి ఏడు వెన్నులు, వెన్నుకు నూరేసి గింజలు వస్తాయి. రహ్మాన్ సూరాలో అల్లాహ్ అనుగ్రహాలను లెక్కించేచోట పొట్టుగల ధాన్యం పక్కనే రైహాన్, అంటే సువాసనగల మొక్క, చోటు చేసుకుంది.

విత్తనాన్ని దాచే విషయంలో మనం ఎక్కువగా ఆలోచించవలసింది యూసుఫ్ సూరాలోని 47, 48 ఆయతులను. ఏడేళ్ళ సుభిక్షంలో పండిన పంటను, తినడానికి కావలసిన కొద్దిపాటి తప్ప, వెన్నులోనే ఉంచి దాచమని హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) సలహా ఇచ్చారు. నూర్చని గింజకు పొట్టే కవచం. పురుగూ తేమా దాన్ని అంత తొందరగా చేరలేవు. తరువాతి ఏడు కరువు సంవత్సరాలు దాచినదంతా తినేస్తాయనీ, జాగ్రత్తగా కాపాడుకునే కొద్ది భాగం మాత్రం మిగులుతుందనీ 48వ ఆయతు చెబుతుంది. ఆ మిగిలే కొద్ది భాగం దేనికి? హి.శ. 671 (క్రీ.శ. 1273)లో మరణించిన ప్రసిద్ధ వ్యాఖ్యాత ఇమామ్ ఖుర్తుబీ దీనికి ఇచ్చిన వివరణ చాలా సూటిగా ఉంది. అది మళ్ళీ విత్తడానికి దాచుకునే గింజ. విత్తనాన్ని మిగుల్చుకోవడంలోనే ఆహారానికి రక్షణ ఉందని ఆయన భావం. ఈ ఇమామ్ పుట్టి పెరిగింది ఖుర్తుబా నగరంలో. అందలుస్ తోటల నడుమ చదువుకున్నవాడికి ఆయతులోని ఈ చిన్న మాటలో విత్తనం కనబడడం సహజమే. కరువులో సైతం విత్తనపు గింజను తినకూడదన్న రైతు ధర్మానికి ఇంతకన్నా గొప్ప ఆధారం ఏం కావాలి?

హదీసు గ్రంథాలలో కూడా ఈ దృష్టి స్పష్టంగా ఉంది. ఒక ముస్లిము నాటిన మొక్క నుండి గానీ, విత్తిన పైరు నుండి గానీ మనిషో, పక్షో, పశువో తింటే అది అతని ఖాతాలో సదఖాగా చేరుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలు హజ్రత్ అనస్ (రజి) ద్వారా తెలిపాయి. ప్రళయ ఘడియ దాపురించినా చేతిలో ఉన్న నారుమొక్కను నాటగలిగితే నాటమన్న ఉపదేశాన్ని ఇమామ్ అహ్మద్ తన ముస్నద్‌లో, ఇమామ్ బుఖారీ ‘అల్ అదబుల్ ముఫ్రద్’లో ఉల్లేఖించారు. ఖర్జూరపు పూతను పరాగంతో కలిపే విషయమై సహీహ్ ముస్లింలో ఉన్న ప్రసిద్ధ హదీసు, ప్రాపంచిక పనులలో అనుభవజ్ఞుల పరిజ్ఞానానికి స్థానం కల్పించింది. ముస్లిం వ్యవసాయ శాస్త్రవేత్తలు ధైర్యంగా ప్రయోగాలు చేయడానికి ఈ అనుమతి ఎంతో దోహదం చేసింది.

రుసాఫా తోటకు వచ్చిన గింజలు

హి.శ. 138 (క్రీ.శ. 756)లో ఉమయ్యా వంశపు రాజకుమారుడు అబ్దుర్రహ్మాన్ ఖుర్తుబాలో అమీర్ అయ్యాడు. సిరియాలో తన కుటుంబమంతా సంహారానికి గురికాగా ప్రాణాలు దక్కించుకుని ఖండాలు దాటి వచ్చినవాడు అతడు. ఖుర్తుబా శివారులో ఒక తోట వేయించి, తన తాత ఖలీఫా హిషామ్ సిరియాలో నిర్మించిన రుసాఫా పేరే దానికి పెట్టాడు. మనుషులను పంపి సిరియా నుండి, ఇతర దేశాల నుండి విత్తనాలూ టెంకలూ మొక్కలూ తెప్పించి అందులో వేయించాడు.

‘నఫ్హుత్తీబ్’ గ్రంథంలో అల్ మఖ్ఖరీ ఈ తోటకు సంబంధించిన ఒక సంఘటన వివరించాడు. సిరియాలోని రుసాఫా నుండి దానిమ్మపండ్లు అమీర్‌కు కానుకగా వచ్చాయి. ఆయన వాటిని సభలో ఉన్నవారికి పంచాడు. వారిలో సఫర్ బిన్ ఉబైద్ అల్ కిలాయీ అనేవాడు ఒకడు. మిగిలినవారు పండును మెచ్చుకుని ఊరుకున్నారు. సఫర్ తనకు దక్కినదాన్ని రయ్యా ప్రాంతంలోని తన ఊరికి తీసుకుపోయి గింజలు వేరుచేసి నాటాడు, కాపుకు వచ్చేదాకా ఓపికగా సాకాడు. తరువాత ఆ పండ్లను తెచ్చి అమీర్ ముందుంచాడు. రుసాఫా దానిమ్మను గుర్తుపట్టిన అమీర్ ఆశ్చర్యపోయి, అతని శ్రమను ప్రశంసించి, తన తోటలో కూడా ఆ మొక్కలను నాటించాడు. ఆ రకానికి ‘సఫరీ’ అనే పేరు స్థిరపడింది. రాజు పేరు కాదు, గింజను మొలిపించిన రైతు పేరు పండుకు నిలిచిపోయింది.

మరొక కథ యహ్యా అల్ గజాల్‌ది. క్రీ.శ. 840లో రెండవ అబ్దుర్రహ్మాన్ తరఫున కాన్‌స్టాంటినోపుల్‌కు రాయబారిగా వెళ్ళిన కవి ఇతడు. అక్కడి ఒక మేలిరకం అంజూరపు గింజలను దేశం దాటించడం నిషిద్ధం. గజాల్ వాటిని పుస్తకాల కట్టలో దాచి తెచ్చాడని గ్రనాడా వ్యవసాయ గ్రంథకర్త అత్తిగ్నరీ పేర్కొన్నాడు. వివరాలలో కథకుల చేయి ఎంత ఉందో గానీ, పుస్తకమూ గింజా ఒకే కట్టలో ప్రయాణం చేసినట్లు అందలుస్ ప్రజలు చెప్పుకోవడమే గమనార్హం. వారి దృష్టిలో రెండూ విద్యాధనమే.

1983లో ఆండ్రూ వాట్సన్ అనే చరిత్రకారుడు, ఇస్లాం తొలి శతాబ్దాలలో అనేక కొత్త పంటలు తూర్పు నుండి పడమటికి వ్యాపించాయనీ, దానివల్ల ఒక వ్యవసాయ విప్లవమే జరిగిందనీ ఒక గ్రంథంలో ప్రతిపాదించాడు. వాటిలో కొన్ని అంతకుముందే రోమన్, పారసీక రాజ్యాలలో ఉన్నాయని 2009లో మైకేల్ డెకర్ వంటివారు ఆక్షేపించారు. ఈ ఆక్షేపణలో నిజం ఉంది. మన పూర్వులు ప్రతి మొక్కనూ తామే కనిపెట్టారని చెప్పుకోవలసిన అవసరం మనకు లేదు. వచ్చినదాన్ని నిలబెట్టి, పరీక్షించి, గ్రంథస్థం చేసి ముందు తరానికి అందించారన్నది చాలు. ఆ కీర్తి చిన్నదేమీ కాదు.

గ్రంథకర్తలు, తోటమాలులు

అరబ్బీ భాషలో వృక్షజాతుల గురించి వచ్చిన తొలి మహాగ్రంథం అబూ హనీఫా అద్దీనవరీ (మ. హి.శ. 282, క్రీ.శ. 895) రచించిన ‘కితాబున్నబాత్’. ఆ గ్రంథం పూర్తిగా మనకు దక్కలేదు. పోయిన భాగాన్ని తరువాతి గ్రంథాలలోని ఉల్లేఖనల నుండి ఏరి కూర్చి, ‘సీన్’ నుండి ‘యా’ వరకు గల అక్షరక్రమ భాగాన్ని 1973లో కైరో నుండి వెలువరించిన విద్వాంసుడు మన హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002). చెదిరిపోయిన గింజలను ఒక్కొక్కటిగా ఏరి మళ్ళీ మడి కట్టడం వంటి పని అది.

ఇరాక్‌లో ఇబ్ను వహ్షియ్యా ‘అల్ ఫిలాహతున్నబతియ్యా’ను క్రీ.శ. 904 ప్రాంతంలో ప్రాచీన సుర్యానీ భాష నుండి అరబ్బీలోకి తెచ్చినట్లు చెప్పుకున్నాడు. ఇందులో సేద్యపు పరిజ్ఞానంతోపాటు గ్రహపూజలు, తంత్రాలు కూడా కలగలిసి ఉన్నాయి. అందలుస్ పండితులు దీన్ని చదివారు గానీ గుడ్డిగా స్వీకరించలేదు. ఇబ్నుల్ అవ్వామ్ అందులోని మంత్రతంత్రాలను విడిచి, మొక్కల పెంపకానికి, సంరక్షణకు సంబంధించిన భాగాన్ని మాత్రమే తీసుకున్నాడని ఇబ్ను ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’లో ప్రత్యేకంగా పేర్కొన్నాడు. చేటలో పోసి చెరిగి, తాలును గాలికి వదిలి, గట్టి గింజను మిగుల్చుకున్నట్టుగా ఉంది ఈ పద్ధతి. అన్యుల విద్యపట్ల ఒక ముస్లిం విద్వాంసుడి వైఖరి ఎలా ఉండాలో దీన్ని చూసి నేర్చుకోవచ్చు.

ఖుర్తుబాలో క్రీ.శ. 961 ప్రాంతంలో అరీబ్ బిన్ సయీద్ పేరుతోనూ, రబీ బిన్ జైద్ అనే క్రైస్తవ బిషప్ పేరుతోనూ ముడిపడిన ఒక పంచాంగం వెలువడి, రెండవ అల్ హకమ్‌కు అంకితమయింది. నెల నెలా ఏవి విత్తాలి, ఏవి నాటాలి, ఔషధాల కోసం ఏ పూలు, ఏ గింజలు ఎప్పుడు సేకరించాలి అన్నది అందులో ఉంది. గింజ సేకరణకు కూడా ఒక వేళ ఉందని ఆ నాగరికత గుర్తించిందనడానికి ఇది సాక్ష్యం.

పదకొండవ శతాబ్దిలో తులైతులా (టొలేడో) పాలకుడు అల్ మామూన్ తోటలో వైద్యుడు ఇబ్ను వాఫిద్, సేద్యనిపుణుడు ఇబ్ను బస్సాల్ పనిచేశారు. ఇబ్ను బస్సాల్ హజ్ యాత్ర చేసి తూర్పుదేశాల సేద్యాన్ని కళ్ళారా చూసి వచ్చినవాడు. ఆయన గ్రంథపు సంక్షిప్త ప్రతి పదహారు అధ్యాయాలలో నీరు, నేల, ఎరువు, నాట్లు, అంట్లు, కూరమొక్కలు, సుగంధపు మొక్కలను గురించి వివరిస్తుంది. పది రకాల నేలలను, నాలుగు రకాల నీళ్ళను ఆయన వేరుచేసి చూపాడు. పూర్వగ్రంథాల పేర్లు వల్లెవేయకుండా తాను చేసి చూసినదే రాయడం ఆయన ప్రత్యేకత. హి.శ. 478 (క్రీ.శ. 1085)లో తులైతులా ఆరవ అల్ఫోన్సో వశం కాగా ఆయన ఇష్బీలియా (సెవిల్) చేరి అక్కడి పాలకుడు అల్ మూతమిద్ తోటలో పనిచేశాడు. రాజ్యం పోయినా తోటమాలి తన విద్యను వెంట తీసుకుపోగలిగాడు. ఈ విషయాన్ని ముందుముందు మళ్ళీ తలచుకుంటాం.

ఈ పరంపరకు శిఖరం ఇష్బీలియాకు చెందిన ఇబ్నుల్ అవ్వామ్ పన్నెండవ శతాబ్ది చివర రచించిన ‘కితాబుల్ ఫిలాహా’. అందులో దాదాపు 585 రకాల మొక్కల ప్రస్తావన ఉంది. జీలకర్ర, కార్వియా, కలోంజీ, హలీం, అనీసూన్, ధనియాలు వంటి దినుసుల మొక్కలకు ఆయన విడిగా చోటు కేటాయించాడు. అనేకసార్లు పరీక్షించి చూడని సూత్రాన్ని తాను ప్రతిపాదించనని పీఠికలో చెప్పి, ఇతరుల మాటలను వారి వారి పేర్లతోనే ఉల్లేఖించాడు. హదీసు విద్యలో సనదు ఎంత ముఖ్యమో ఈ గ్రంథకర్తకు సేద్యంలోనూ అంత ముఖ్యమయింది. ఎవరి మాట ఎవరిదో తెలిస్తేనే కదా దాని బలం తెలిసేది.

గింజ దాచే పద్ధతి

ఈ గ్రంథాలలో విత్తనం గురించి కనబడే మూల సూత్రాలు నాలుగైదే. మేలైన మొక్క నుండి విత్తనం తీయాలి. నిండుగా ముదిరిన గింజనే ఏరాలి. ఆరబెట్టి తేమ తగలనిచోట, అవసరమైతే బూడిద కలిపి దాచాలి. పాత విత్తనం కంటే కొత్త విత్తనం మేలు. ఏడాది గింజ శ్రేష్ఠమనీ, ఏళ్ళు గడిచేకొద్దీ అది బలం కోల్పోతుందనీ గ్రీకు శాస్త్రజ్ఞుడు థియోఫ్రాస్టస్ కూడా రాశాడు. గ్రీకు, రోమీయ సేద్యగ్రంథాలలో మరొక ఆసక్తికరమైన ఆచారం ఉంది. వేసవి నడిమిలో లుబ్ధక నక్షత్రం ఉదయించడానికి కొన్ని రోజుల ముందు అన్నిరకాల విత్తనాలనూ కొద్దికొద్దిగా ఒక మడిలో చల్లి, ఆ నక్షత్రోదయం తరువాత ఏవి పచ్చగా నిలిచాయో చూసి ఆ ఏడాదికి పంటను నిర్ణయించుకునేవారట. నక్షత్ర ప్రభావాన్ని మనం నమ్మనక్కరలేదు. అయితే పొలమంతా విత్తకముందు గుప్పెడు గింజలను మొలిపించి చూడడం మాత్రం నేటికీ పనికివచ్చే పద్ధతే.

ఈ సూత్రాలను నేటి వృక్షశాస్త్రంతో కలిపి మన పెరటి మొక్కలకు అన్వయిస్తే వాటి ఔచిత్యం బాగా తెలుస్తుంది. కొత్తిమీరను తీసుకుందాం. తొలుత పూతకు వచ్చిన మొక్కను విత్తనానికి వదలడం పొరపాటు. దాని సంతతి కూడా ఆకు తక్కువై తొందరగా పూతకు వస్తుంది. ఎక్కువకాలం ఆకు ఇచ్చిన మొక్కలనే గుర్తుపెట్టి వదలాలి. గుత్తిలోని కాయలు ఆకుపచ్చ తగ్గి గోధుమరంగుకు తిరిగినప్పుడు కొమ్మతో సహా కోసి, నీడన తలకిందులుగా వేలాడదీస్తే గింజ రాలిపోకుండా ఆరుతుంది. మనం ధనియం అనేది నిజానికి రెండు గింజల కాయ. నలిపి రెండు బద్దలు చేసి చల్లే అలవాటు మన రైతులకు తెలిసిందే. ఈ కుటుంబపు మొక్కల గింజలు రెండు మూడేళ్ళకే మొలకశక్తి కోల్పోతాయి కనుక ప్రతి ఏడూ కొత్తది కట్టుకోక తప్పదు.

మెంతిది వేరే స్వభావం. తన పూవు తనలోనే ఫలదీకరణం చెందుతుంది కాబట్టి రకం చెడదు. కాయ పసుపుబారాక కోసి నూర్చుకుంటే చాలు. రైహాన్, అంటే సబ్జా జాతి, తేనెటీగల ద్వారా ఇతర రకాలతో సులువుగా సంకరమవుతుంది. రకం నిలవాలంటే ఒక పెరట్లో ఒక రకమే పూతకు రానివ్వాలి. ఆకు కోసం పూత తుంచుతూ పోయేవారు విత్తనం కోసం రెండు మూడు మొక్కలను ముట్టుకోకుండా వదలాలి. కలోంజీ కాయలు పండి నోరు తెరవకముందే కోయాలి, ఆలస్యమైతే నల్లని గింజలు నేలపాలవుతాయి. ఇక పుదీనాను గింజతో పెంచితే తల్లి గుణం నిలవదు. దాన్ని వేరుపిలకలతోనే వ్యాప్తి చేయాలి. మరణం తప్ప ప్రతి వ్యాధికీ నల్ల గింజలో స్వస్థత ఉందన్న హదీసును మనం తరచుగా ఉల్లేఖిస్తాం. కాని ఆ గింజ ఏ మొక్కది, ఎప్పుడు పండుతుంది, ఎలా దాచాలి అన్నది తెలిసినవారు మనలో ఎందరు?

ఫిఖహ్‌లో విత్తనం

ఇబ్నుల్ అవ్వామ్‌కు సమకాలికుడైన ఇమామ్ మర్గీనానీ (మ. హి.శ. 593, క్రీ.శ. 1197) తూర్పున ‘హిదాయా’ రచించాడు. మన మదర్సాలలో చదివే ఆ గ్రంథంలోని ‘ముజారఅ’ అధ్యాయంలో విత్తనానికి ఉన్న ప్రాముఖ్యం గమనించదగినది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కౌలు సేద్యపు ఒడంబడికను సమ్మతించలేదు. శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ సమ్మతించారు. ఫత్వా వారి మాట మీదనే ఉంది. ఒడంబడిక చెల్లుతుందా లేదా అన్నది విత్తనం ఎవరిది అన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది. విత్తనమిచ్చినవాడు ముందుగా తన గింజ తాను తీసుకుని మిగిలింది పంచుకోవాలని షరతు పెడితే ఒడంబడిక చెడిపోతుంది. పండింది ఆ గింజలంతే అయితే రెండోవాడికి మిగిలేది శూన్యం కదా. అలాగే విత్తనం ఇవ్వవలసినవాడు విత్తకముందే వెనక్కి తగ్గితే అతన్ని బలవంతపెట్టరు. ఎందుకంటే విత్తడమంటే చేతిలో ఉన్న సొమ్మును మట్టిలో కలిపి నష్టానికి సిద్ధపడడం. చేతిలోని గింజ నిశ్చయం, రాబోయే పంట కేవలం ఆశ. ఈ రెంటి మధ్య రైతు పడే సందిగ్ధతను ఫుఖహా ఎంత బాగా అర్థం చేసుకున్నారో చూడండి.

ఉష్ర్ విషయంలోనూ ఇటువంటి విచక్షణే కనిపిస్తుంది. కూరగాయలతో సహా నేల పండించే పంటపై ఉష్ర్ ఉందని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. చెడిపోకుండా నిల్వ ఉండి, ఐదు వస్ఖుల పరిమాణం చేరినవాటి మీదనే ఉందని ఆయన ఇద్దరు శిష్యుల అభిప్రాయం. నేడు వాడిపోయే ఆకుకూ, దాచదగిన గింజకూ ఉన్న తేడాను ధర్మశాస్త్రం కూడా తూచి చూసిందన్నమాట.

పేరు తప్పితే మొక్క తప్పుతుంది

ఈ గ్రంథాలను మన భాషలోకి తేవడంలో అన్నిటికన్నా పెద్ద చిక్కు పేర్లది. హదీసులోని ‘అల్ హబ్బతుస్సౌదా’ను అరబ్బీ వైద్యులు ‘షూనీజ్’ అన్నారు, ఉర్దూలో కలోంజీ అంటారు. తెలుగులో ‘నల్ల జీలకర్ర’ అని రాయడం పరిపాటి. కాని మన అంగళ్ళలో ఇదే పేరుతో షాజీరాను కూడా ఇస్తారు. రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందినవి. పైగా రంగు పోలికవల్ల ఉల్లి విత్తనాలను కలోంజీగా పొరబడడం కూడా ఉంది. పుస్తకంలో పడిన తప్పును మలి ముద్రణలో దిద్దుకోవచ్చు. మడిలో పడిన తప్పు ఒక ఋతువును మింగేస్తుంది, మందులో పడిన తప్పు రోగి ఒంటిమీదికే వస్తుంది. అందుకే అనువాదకుడు ఇటువంటిచోట ఒక్క పేరుతో సరిపెట్టక, ఆకు, పూవు, కాయ లక్షణాలను కూడా చెప్పడం అవసరం.

మాలఖా (మాలగా)కు చెందిన ఇబ్నుల్ బైతార్ (మ. హి.శ. 646, క్రీ.శ. 1248) ఈ అవసరాన్ని ఆనాడే గుర్తించాడు. 1400కు పైగా అంశాలున్న తన ఔషధ నిఘంటువులో అరబ్బీ పేరు పక్కనే బర్బరు, లాతీనీ, ఫార్సీ వ్యవహారాలను కూడా చేర్చాడు. గురువు అబుల్ అబ్బాస్ అన్నబాతీతో కలిసి కొండలూ పొలాలూ తిరిగి మొక్కలను చూసిన తరువాతనే పేర్లు రాసిన పద్ధతి ఆయనది.

తెగిన గొలుసు

ఇక మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. 1492లో గ్రనాడా పతనమయింది. కొన్నేళ్ళకే కార్డినల్ సిస్నేరోస్ ఆజ్ఞతో గ్రనాడాలో అరబ్బీ గ్రంథాలు అగ్నికి ఆహుతయ్యాయి. వైద్యగ్రంథాలు కొన్నింటిని మాత్రం ఉపయోగకరమని ఏరి ఆల్కలా విద్యాపీఠానికి పంపారు. 1567లో రెండవ ఫిలిప్ శాసనం అరబ్బీ మాట్లాడడాన్నే నిషేధించింది. 1609–1614 మధ్య సుమారు మూడు లక్షల మంది మోరిస్కోలు, అంటే బలవంతాన మతం మార్పించబడిన ముస్లిముల సంతతి, దేశం నుండి వెళ్ళగొట్టబడ్డారు. వారిలో అధికభాగం రైతులు, తోటమాలులు. ఇబ్ను బస్సాల్ తులైతులా నుండి ఇష్బీలియాకు వెళ్ళినప్పుడు విద్య ఊరు మాత్రమే మారింది. ఈసారి నేలకూ దాన్ని ఎరిగినవారికీ మధ్యనున్న బంధమే తెగిపోయింది.

రెండు శతాబ్దాలు గడిచాయి. స్పెయిన్ పాలనాధికారులు దిగజారిన తమ సేద్యాన్ని బాగుచేసుకునే మార్గాలు వెదుకుతూ ఇబ్నుల్ అవ్వామ్ గ్రంథాన్ని గుర్తుకు తెచ్చుకున్నారు. 1802లో బాన్కేరీ అనే క్రైస్తవ మతాధికారి దాన్ని అరబ్బీ మూలంతో, స్పానిష్ అనువాదంతో మాడ్రిడ్‌లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. తరువాత ఫ్రెంచి అనువాదం వచ్చింది. ఉర్దూలోకి ఆజంగఢ్ విద్వాంసులు తెచ్చారు. విద్య చేతులలో ఉన్న ప్రజలను తరిమివేసి, ఆ విద్య కోసం వారి పుస్తకాన్ని తెరవవలసి వచ్చింది! గ్రంథం ఉంది. దానిలోని ఒక్కొక్క మాటకు అర్థం చేతితో చూపించగల తోటమాలి లేడు.

అయినా అంతా పోలేదు. రాజశాసనం భాషను నిషేధించగలిగింది గానీ పెరటిలోని మొక్కల పేర్లను పెరికివేయలేకపోయింది. ఈనాటికీ స్పానిష్ భాషలో రైహాన్ జాతి మొక్కను ‘అల్బహాకా’ అంటారు, అది అరబ్బీ ‘అల్ హబఖ్’. మెంతిని ‘అలోల్బా’ అంటారు, అది ‘అల్ హుల్బా’. కార్వియాను ‘అల్కరవేయా’ అనీ, కలోంజీని ‘అహెనూస్’ అనీ అంటారు. ఈ పదాలు విద్యాపీఠాల ద్వారా నిలవలేదు. పక్కింటివారి నుండి గుప్పెడు గింజలు అడిగి తెచ్చుకున్నవారు గింజతోపాటు పేరు కూడా తెచ్చుకున్నారు. గ్రంథాలయం కాపాడలేనిదాన్ని పెరడు కాపాడింది.

మన కాలంలో కూడా ఇటువంటి పాఠమే మరొకటి ఉంది. 1977లో స్థాపితమైన ఇకార్డా సంస్థ సిరియాలోని హలబ్ (అలెప్పో) వద్ద ఎండుప్రాంతాల పంటల విత్తనాలను లక్షకు పైగా నమూనాలుగా భద్రపరచింది. 2003లో ఇరాక్‌లో అబూ గురైబ్ వద్ద ఉన్న జాతీయ విత్తన భాండారం దోపిడీకి గురైంది. అంతకుముందే అక్కడి శాస్త్రజ్ఞులు కొన్ని విత్తనాలను హలబ్‌కు పంపి ఉండడంవల్ల అవి మిగిలాయి. తరువాత సిరియాలోనే యుద్ధం వచ్చింది. ఇకార్డా తన నకళ్ళను నార్వేలోని స్వాల్బార్డ్ మంచుగుహలో దాచి ఉండడంవల్ల 2015లో వాటిని తిరిగి తీసుకుని లెబనాన్‌లోనూ మొరాకోలోనూ విత్తి, పండిన గింజను 2017 నుండి మళ్ళీ స్వాల్బార్డ్‌కు చేర్చడం మొదలుపెట్టింది. మంచుగుహలో గింజ చాలాకాలం నిద్రపోగలదు. అయితే దాన్ని మళ్ళీ గింజగా మార్చింది మాత్రం నేల, నీరు, మనిషి చేయి.

మన కర్తవ్యం

దక్కనుకు ఈ చరిత్ర పరాయిది కాదు. మొగల్ యువరాజు దారా షికోహ్ పేర చెలామణి అయ్యే ‘నుస్ఖా దర్ ఫన్నె ఫలాహత్’ అనే ఫార్సీ సేద్యగ్రంథానికి రజియా అక్బర్ చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని 2000లో సికింద్రాబాదు నుండే ఆసియా వ్యవసాయ చరిత్ర ప్రతిష్ఠానం ప్రచురించింది. మన యూనానీ మందుల అంగళ్ళలో తుఖ్మె రైహాన్, తుఖ్మె ఖుర్ఫా, తుఖ్మె కాస్నీ, కలోంజీ అన్న మాటలు నేటికీ వినిపిస్తాయి. ‘తుఖ్మ్’ అంటే విత్తనమే. అయితే అంగట్లో అది మందుగా మాత్రమే మిగిలింది. దాన్ని మట్టిలో వేసి చూసేవారు అరుదయ్యారు. ఖబ్రస్తాన్‌లో నాటే రైహాన్‌కు సైతం ఇప్పుడు నర్సరీ వైపు చూస్తున్నాం.

నేడు విత్తనం పొట్లంలో వస్తుంది. అందులో చాలావరకు తొలితరం సంకర విత్తనం. దాని గింజను దాచి విత్తితే తల్లిమొక్క గుణాలు నిలవవు. కాబట్టి ప్రతి ఏడూ మళ్ళీ కొనాలి. పెద్ద రైతుకు దానివల్ల దిగుబడి లాభం ఉండవచ్చు, ఆ వాదాన్ని తోసిపుచ్చనక్కరలేదు. కాని రెండు మళ్ళ కొత్తిమీరకు కూడా అంగడి మీదనే ఆధారపడడం ఏ లాభానికి? 2001లో వచ్చిన భారతీయ చట్టం 39వ విభాగం తన పంట నుండి విత్తనాన్ని దాచుకునే, విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే, అమ్ముకునే హక్కును రైతుకు గుర్తించింది. సంస్థల ముద్రతో మాత్రం అమ్మకూడదన్నది. హక్కు చట్టంలో ఉంది. వాడుకోకపోతే అది కూడా పాత గింజలాగే శక్తి కోల్పోతుంది.

మన విద్యాసంస్థలు, మస్జిదు కమిటీలు తలచుకుంటే ఈ విషయంలో చేయదగినవి కొన్ని ఉన్నాయి. మదర్సాల ఆవరణలలో నాలుగు మళ్ళు కట్టి, హదీసు గ్రంథాలలో పేర్కొన్న మొక్కలను విద్యార్థుల చేత పెంచించవచ్చు. తిబ్బె నబవీ పాఠం చదివే పిల్లవాడు కలోంజీ పూవును ఒక్కసారైనా చూడాలి. మన ఇళ్ళలోని పెద్దవారు, ముఖ్యంగా మన తల్లులూ నానమ్మలూ, గింజ దాచే పద్ధతులను, వారు వాడే పేర్లను వారి మాటలలోనే రాసిపెట్టాలి. ఎవరి వద్ద నుండి తెచ్చారో, ఏ ఊరి గింజో కూడా అందులో చేరిస్తే అది విత్తనానికి సనదు అవుతుంది.

అమానతు అంటే దాచుకోవడం కాదు, అందవలసినవారికి అందించడం. ఇబ్నుల్ అవ్వామ్ గ్రంథం ఎనిమిది శతాబ్దాలు బీరువాలో ఉండి కూడా మనకు చదవడానికి దొరికింది. కొత్తిమీర గింజ ఎనిమిదేళ్ళు బీరువాలో ఉంటే మొలవదు. కరువులోనూ విత్తనం మిగుల్చుకొమ్మన్న యూసుఫ్ సూరా పాఠం ఈజిప్టు ధాన్యాగారాలకే పరిమితం కాదు. వచ్చే చలికాలం పెరట్లో కోయకుండా వదిలే మూడు మొక్కలతో కూడా అది మొదలవుతుంది. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది.